తెగిపడిన కరెంటు తీగను తాకకపోయినా షాక్ ఎందుకు కొడుతుంది? గండికోట నీళ్ల లెక్కతో అర్థం చేసుకుందాం

గాలివాన వెలిసింది. మీ వీధి మలుపులో స్తంభం మీది తీగ ఒకటి తెగి నేలమీద పడి ఉంది. నిప్పురవ్వలు లేవు, చప్పుడు లేదు. చూడటానికి చచ్చిన పాములా ఉంది. దానికి ఎంత దూరంలో నిలబడితే మీకు ప్రమాదం ఉండదు?

ఎవరిని అడిగినా 'ముట్టుకోకుంటే చాలు' అంటారు. ఆ మాట నమ్మి రెండడుగుల అవతలి నుంచి దాటబోయినవాళ్లు, అటువైపు ఎనుములను తోలుకెళ్లినవాళ్లు ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు. వార్తల్లో అది 'కరెంటు షాక్‌తో మృతి' అనే ఒక్క ముక్కతో ముగిసిపోతుంది. తీగను తాకనే లేదు కదా, షాక్ ఎలా కొట్టింది అన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతుంది.

జవాబు ఇంటర్ ఫిజిక్స్‌లో 'క్షేత్రం' అన్న పాఠంలో ఉంది. మార్కుల కోసం చదివి మరచిపోయిన పాఠమే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు వాళ్లకు దీన్ని పుస్తకం లేకుండానే చెప్పొచ్చు. ఎందుకంటే ఇందులోని సగం సంగతి గండికోట నీళ్ల దగ్గర రోజూ నడుస్తూనే ఉంది. ముందు అక్కడికి వెళ్లి, తర్వాత తీగ దగ్గరికి వద్దాం.

ఒకే చెరువు, రెండు ఊళ్లు

నాలుగు అంకెలు గుర్తు పెట్టుకోండి. ఇవన్నీ సముద్రమట్టం నుంచి ఎత్తులు. శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు, అంటే దాదాపు 270 మీటర్లు. గండికోట జలాశయం నిండితే 212 మీటర్లు. ప్రొద్దుటూరు పట్టణం సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. పులివెందుల సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంది.

ఇప్పుడు నీళ్ల దారి చూడండి. శ్రీశైలం వెనుక నీళ్లు పోతిరెడ్డిపాడు దగ్గర బయల్దేరి బనకచర్ల, గోరకల్లు, అవుకు మీదుగా గండికోట చేరతాయి. దారిలో కొండలను తొలిచి సొరంగాలు వేశారు గానీ, నీటిని పైకి ఎత్తే పని పడదు. 270 నుంచి 212కి అవే దిగివస్తాయి. గండికోట నుంచి వదిలితే పెన్నా వెంట మైలవరం జలాశయం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు కూడా అవే దిగిపోతాయి. ఖర్చు లేదు, మోటారు లేదు.

అదే గండికోట నీళ్లు పులివెందులకు పోవాలంటే మాత్రం ఎదురు ఎక్కాలి. చిత్రమేమిటంటే పులివెందుల ఊరు ఉన్న ఎత్తు, నిండిన శ్రీశైలం నీటిమట్టం దాదాపు ఒకటే. కృష్ణా నీళ్లు గండికోట దాకా దిగివచ్చి పోగొట్టుకున్న ఎత్తునంతా మళ్లీ సంపాదించుకుంటే తప్ప ఆ వైపు చేరవు. అందుకే గండికోట నుంచి పార్నపల్లె దగ్గరి చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు, సింహాద్రిపురం మండలంలోని పైడిపాళెం జలాశయానికి ఎత్తిపోతల పథకాలు పెట్టారు. పులివెందుల బ్రాంచి కాలువకు పాతకాలం నుంచీ ఉన్న ఆధారం తుంగభద్ర. ఆ డ్యామ్ నిండితే మట్టం 1633 అడుగులు, అంటే దాదాపు 498 మీటర్లు. ఎత్తుకు కొరత లేదు, నీళ్లకే కొరత. కృష్ణ దగ్గర నీళ్లున్నాయి, ఎత్తు లేదు. పులివెందుల నీటి రాజకీయం ఎన్ని మలుపులు తిరిగినా కింద ఉన్న భౌతికశాస్త్రం ఇదే.

(212 మీటర్లు అన్న అంకె కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది. ఆ మట్టానికి నీళ్లు నిలపడానికి కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి.)

నీళ్లను కిందికి లాగుతున్నది భూమి ఆకర్షణ. భూమి ఏ తాడూ కట్టలేదు, దేన్నీ తాకి తోయడం లేదు. భూమి చుట్టూ ఉన్న చోటులోనే ఆ గుణం ఉంది. ఏ బిందువు దగ్గర ఒక కిలో బరువు పెట్టినా దాన్ని ఇంత బలంతో కిందికి లాగుతుంది అని లెక్క చెప్పొచ్చు. దాన్నే గురుత్వ క్షేత్రం అంటారు. మన నేల మీద ఆ లెక్క కిలోకు 9.8 న్యూటన్లు. ఒక కిలో నీటిని ఒక మీటరు పైకి ఎత్తితే 9.8 జౌళ్ల పని చేసినట్టు. ఆ పని ఎక్కడికీ పోదు. ఆ నీళ్లలో 'ఎత్తు' రూపంలో దాగి ఉంటుంది, దిగేటప్పుడు తిరిగి ఇస్తుంది.

9.8 జౌళ్లు అంటే చాలా తక్కువ. కానీ నీళ్లు టీఎంసీల్లో ఉంటాయి. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,830 కోట్ల లీటర్లు. అంత నీటిని ఒక్క మీటరు ఎత్తడానికి కావలసిన శక్తి సుమారు 77 వేల యూనిట్ల కరెంటు. ఇక్కడ యూనిట్ అంటే మీ ఇంటి బిల్లులో ఉండే యూనిట్టే. పులివెందుల వైపు జలాశయం నుంచి పొలాలకు కాలువలో మళ్లీ కిందికి పారాలి కాబట్టి నీటిని ఊరి ఎత్తు కన్నా ఇంకా పైకే చేర్చాలి. లెక్క సులువుగా ఉండటానికి 100 మీటర్లు అనుకుందాం. ఒక టీఎంసీకి 77 లక్షల యూనిట్లు. మోటార్లలో, పైపుల్లో పోయే నష్టం కూడా కలిపితే కోటి యూనిట్ల దగ్గరికి వస్తుంది.

కోటి యూనిట్లంటే ఎంత? నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లు 4 వేలకు పైగా ఏడాదంతా గడుపుకోవచ్చు. ఎర్రగుంట్ల మండలంలో ఉండి అందరూ ముద్దనూరు ఆర్టీపీపీ అనే థర్మల్ కేంద్రం సామర్థ్యం 1650 మెగావాట్లు. అది పూర్తి సామర్థ్యంతో ఆరు గంటలు నడిస్తే వచ్చేంత కరెంటు. గండికోటలో మట్టం తగ్గిన ఏడాది ఎత్తాల్సిన మీటర్లు పెరుగుతాయి కనుక బిల్లు కూడా పెరుగుతుంది. ఈ లెక్కను తిప్పి వాడేదే పంప్డ్ స్టోరేజీ. ఎండ ఉన్నప్పుడు సోలార్ కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం దింపి కరెంటు తీసుకోవడం. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన ఇలాంటి ప్రాజెక్టుల్లో గండికోట దగ్గర 1000 మెగావాట్లది ఒకటి.

మీ ఇంటి కొళాయిదీ ఇదే కథ. పది మీటర్ల నీటి ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్లు మీ కొళాయి కంటే ఎంత ఎత్తులో ఉన్నాయన్నదే ముఖ్యం. అందులో ఎన్ని లక్షల లీటర్లు ఉన్నాయన్నది కాదు. కింది ఇంట్లో ధారగా పడే నీళ్లు రెండో అంతస్తులో సన్నబడటానికి మున్సిపాలిటీ మీద కోపం పెట్టుకోవక్కర్లేదు. పైపుకు నేరుగా మోటారు బిగించి లాగితే పక్కింటి కొళాయిలో గాలి వస్తుంది. పైగా తడి నేల మీద, ఎర్తింగ్ లేని మోటారు. ఆ ప్రమాదం సంగతి కాసేపట్లో చూద్దాం.

వోల్టేజీ అంటే కరెంటుకు ఎత్తు

ఇప్పుడు నీటి స్థానంలో విద్యుత్ ఛార్జిని పెట్టండి. కిలో నీటికి ఎత్తు ఎలాగో, ఛార్జికి వోల్టేజీ అలాగ. నీళ్లు ఎక్కువ ఎత్తు నుంచి తక్కువ ఎత్తుకు పారినట్టే కరెంటు ఎక్కువ వోల్టేజీ నుంచి తక్కువ వోల్టేజీకి పారుతుంది. తేడా లేకుంటే పారదు. కొండమీద సమతలంగా ఉన్న చెరువులో నీళ్లు ఎంత ఎత్తులో ఉన్నా కదలకుండానే ఉంటాయి. 11 వేల వోల్టుల తీగ మీద పిట్ట హాయిగా కూర్చోవడానికి కారణం కూడా అంతే. దాని రెండు కాళ్లూ ఒకే 'ఎత్తు'లో ఉన్నాయి.

మరి విద్యుత్ క్షేత్రం అంటే? ఒక్క మాటలో చెప్పాలంటే వాలు. ఒక మీటరు జరిగితే వోల్టేజీ ఎంత మారుతుంది అన్నదే క్షేత్రం బలం. పుస్తకాల్లో 'వోల్ట్స్ పర్ మీటర్' అని రాసేది అదే. గండికోట అంచున ఒక్క అడుగు వేస్తే లోయలో పడతారు. ప్రొద్దుటూరు దగ్గర పెన్నా ఒడ్డున వంద అడుగులు నడిచినా ఎత్తు పెద్దగా మారదు. ప్రమాదం మీరు నిలబడిన చోటి ఎత్తులో ఉండదు, మీ అడుగు కింది వాలులో ఉంటుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే తెగిన తీగ సంగతి సగం అర్థమైనట్టే.

రెండు క్షేత్రాలకూ ఒక పెద్ద తేడా ఉంది. గురుత్వం లాగడమే తప్ప తోయదు. విద్యుత్తులో ధన ఛార్జి, రుణ ఛార్జి అని రెండున్నాయి కాబట్టి లాగుతుంది, తోస్తుంది కూడా. బలంలో అయితే పోలికే లేదు. హైడ్రోజన్ అణువులో ప్రోటాన్, ఎలక్ట్రాన్ల మధ్య విద్యుత్ ఆకర్షణ వాటి మధ్య గురుత్వం కంటే 2 పక్కన 39 సున్నాలు పెడితే వచ్చేన్ని రెట్లు ఎక్కువ. తల దువ్విన ప్లాస్టిక్ దువ్వెన కాగితం ముక్కను పైకి లేపుతుంది చూడండి. కింద మొత్తం భూగోళం లాగుతున్నా దువ్వెనే గెలుస్తుంది. అంత బలం రోజూ మనకు తెలియకపోవడానికి కారణం, వస్తువుల్లో రెండు రకాల ఛార్జీలూ సమానంగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడమే. ఆ సమతూకం చెడినచోట మెరుపు, షాక్.

తీగ పడినచోట కనిపించని గుట్ట

తెగిన 11 కేవీ తీగ నేలను తాకింది. కరెంటు నేలలోకి దిగి అన్ని వైపులా పాకుతుంది. నేల రాగి తీగలా మంచి వాహకం కాదు కాబట్టి పాకేకొద్దీ వోల్టేజీ తగ్గుతూ పోతుంది. అంటే తీగ తాకినచోట శిఖరంతో, చుట్టూ దిగే వాలుతో ఒక కనిపించని గుట్ట లేస్తుంది. శిఖరం దగ్గర వాలు నిట్టనిలువు. దూరం పోయేకొద్దీ సాఫీ అవుతుంది.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. నేలలోకి 50 ఆంపియర్లు దిగుతున్నాయనీ, అది మామూలు తేమ ఉన్న మట్టి అనీ అనుకుందాం. తీగ కొస నుంచి ఒక మీటరు దూరంలో నేల వోల్టేజీ సుమారు 800 ఉంటుంది. మీరు తీగ వైపు నడుస్తున్నారు. ఒక పాదం అక్కడ ఉంది, రెండోది ఒక అడుగు వెనక, అంటే ముప్పావు మీటరు అవతల. అక్కడ సుమారు 455 వోల్టులు. మీ రెండు పాదాల మధ్య తేడా దాదాపు 340 వోల్టులు. ఇంట్లో ప్లగ్గులో ఉండే 230 కంటే ఎక్కువ. మీరు దేన్నీ ముట్టుకోలేదు. నడిచారు, అంతే. ఇంజినీర్లు దీన్ని 'స్టెప్ వోల్టేజీ' అంటారు, అడుగు వోల్టేజీ అనుకోవచ్చు.

అదే అడుగు మూడు మీటర్ల దూరంలో వేస్తే తేడా సుమారు 53 వోల్టులు. పది మీటర్ల దూరంలో ఐదారు వోల్టులే. తెగిన తీగకు కనీసం పది మీటర్లు, అంటే ముప్పై మూడు అడుగుల దూరం ఉండాలని భద్రతా సూచనల్లో చెప్పేది ఇందుకే. నేల రకాన్ని బట్టి, కరెంటును బట్టి అంకెలు మారతాయి. గుట్ట ఆకారం మాత్రం మారదు. వాన నీళ్లు నిలిచిన రోడ్డయితే, పక్కన ఇనుప కంచె ఉంటే కరెంటు ఇంకా దూరం పోతుంది. అప్పుడు పది మీటర్లను కూడా నమ్మొద్దు.

రెండు పాదాల మధ్య పారే కరెంటు గుండెను నేరుగా తాకకపోవచ్చు. కానీ కాళ్ల కండరాలు బిగుసుకుని మనిషి పడిపోతాడు. పడినప్పుడు చేతులు నేలకు ఆనతాయి. ఇప్పుడు దారి చేతుల నుంచి కాళ్లకు, మధ్యలో గుండె. పడినవాణ్ని లేపబోయిన రెండో మనిషి కూడా అదే గుట్ట ఎక్కుతున్నాడు. ఒకే చోట ఇద్దరు ముగ్గురు పోయే ప్రమాదాలు ఇలాగే జరుగుతాయి.

ఆవులు, ఎనుముల పరిస్థితి ఇంకా అన్యాయం. ముందుకాళ్లకూ వెనుకకాళ్లకూ మధ్య మీటరున్నర దూరం ఉంటుంది. పై లెక్కలోనే తీగకు మూడు మీటర్ల దూరంలో మనిషికి 53 వోల్టులైతే పశువుకు దాదాపు 88. ఆ కరెంటు దారిలోనే గుండె ఉంటుంది. చెప్పులు కూడా లేవు. తీగ పడినచోట యజమాని బతికి పశువు పోయిందంటే దైవలీల ఏమీ లేదు, కాళ్ల మధ్య దూరం.

మీరు ఇప్పటికే అలాంటి చోట నిలబడి ఉన్నారని తెలిస్తే? పరుగెత్తొద్దు. పరుగులో అడుగు పెద్దదవుతుంది, తేడా పెరుగుతుంది. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, నేలకు ఆనించి, అంగుళం అంగుళం జరుపుకుంటూ వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. చూసేవాళ్లకు నవ్వు రావచ్చు, రానివ్వండి. తీగ మీ కారు మీద పడితే లోపలే కూర్చోండి. కారు లోహపు చట్రమంతా ఒకే వోల్టేజీలో ఉంటుంది. మీరు తీగ మీది పిట్టతో సమానం. ఒక కాలు నేలమీద, ఒక కాలు బండిలో పెట్టిన క్షణమే ప్రమాదం. మంటలు లేచి దిగక తప్పకపోతే రెండు కాళ్లూ కలిపి, కారును పట్టుకోకుండా ఒకేసారి దూకి, అలాగే పాదాలు కలిపి జరుపుకుంటూ దూరం పోవాలి.

తీగ తెగితే సబ్‌స్టేషన్‌లో కరెంటు దానంతటదే పోదా?

చాలాసార్లు పోతుంది. ప్రతిసారీ పోదు. సబ్‌స్టేషన్‌లోని రక్షణ పరికరం ఎక్కువ కరెంటు ఒక్కసారిగా పారినప్పుడు లైనును ఆపేస్తుంది. తీగ తారు రోడ్డు మీదో, ఎండిన రాతి నేల మీదో పడితే నేలలోకి దిగే కరెంటు చాలా తక్కువ. పరికరానికి అది నాలుగు మోటార్లు ఆన్ చేసినట్టు కనిపిస్తుంది, లోపంలా కనిపించదు. లైను బతికే ఉంటుంది. కడప జిల్లా లాంటి రాతి నేలల్లో ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. ఇంకొకటి, ట్రిప్ అయిన లైనును సిబ్బంది మళ్లీ ఒకసారి చార్జి చేసి చూడటం మామూలే. వీధిలో దీపాలు ఆరిపోయాయి కాబట్టి తీగ చచ్చిందనుకోవడం పొరపాటు. నిమిషం తర్వాత బతకొచ్చు.

పిడుగుకు పది మీటర్లు చాలవు

ఎండ కాస్తున్న మామూలు రోజు కూడా గాలిలో మీటరుకు సుమారు 100 వోల్టుల విద్యుత్ క్షేత్రం ఉంటుంది. బయలులో మీ తల ఎత్తున ఉన్న గాలికీ నేలకూ మధ్య 150 వోల్టుల పైనే తేడా. షాక్ కొట్టదు, ఎందుకంటే గాలి కరెంటును దాదాపుగా పారనివ్వదు. ఉరుముల మబ్బు కమ్మితే అదే క్షేత్రం వందరెట్ల దాకా పెరుగుతుంది. ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే ఆ వాలు మీ మీదే నిట్టనిలువుగా లేస్తోందని అర్థం.

పిడుగు పడితే నేలలోకి దిగేది 50 ఆంపియర్లు కాదు, మామూలుగా 30 వేల ఆంపియర్ల స్థాయిలో ఉంటుంది. మన గుట్ట 600 రెట్లు ఎత్తయిందన్నమాట. పది మీటర్ల దూరంలో అడుగుకు ఐదున్నర వోల్టులు వచ్చిన చోట ఇప్పుడు 3 వేల వోల్టుల పైమాటే. అది సెకనులో చిన్న ముక్క సేపే ఉంటుంది గానీ, చెట్టు కింద గుంపుగా చేరిన జీవాలన్నీ ఒక్క పిడుగుకు పోవడానికి ఆ సేపు చాలు. పిడుగు ప్రతి గొర్రె మీదా పడలేదు. చెట్టు మీద పడి నేలలో పరచుకుంది.

మెరుపు కనిపించాక ఉరుము వినిపించేలోపు మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున లెక్కపెట్టండి. ముప్పై సెకన్లలోపు వినిపిస్తే మబ్బు పది కిలోమీటర్ల లోపే ఉంది. పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్లండి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ వారి 'దామిని' యాప్ మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల హెచ్చరిక ఇస్తుంది. మీరు పట్నంలో ఉండి, ఊళ్లో నాన్న చేనికి పోతుంటే ఆయన ఫోన్‌లో వేసిపెట్టండి.

మిద్దె మీద ఎంత దూరం?

ప్రొద్దుటూరు పాత వీధుల్లో మిద్దె మీదికి ఎక్కితే తీగలు చేతికందేలా కనిపించే చోట్లు ఉంటాయి. నిబంధనలు ఏం చెబుతున్నాయి? కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమాల ప్రకారం వీధిలో ఇళ్లకు కరెంటిచ్చే మామూలు లైను భవనానికి పక్కగా 1.2 మీటర్లు, పైన 2.5 మీటర్ల దూరంలో ఉండాలి. 11 కేవీ లైనుకు పక్కగా 1.2, పైన 3.7 మీటర్లు. 33 కేవీ అయితే పక్కగా 2 మీటర్లు, పైన 3.7. స్తంభం మీద పింగాణీ గిన్నెలపై మూడే తీగలుంటే అది సాధారణంగా 11 కేవీ.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. గాలి తెగి నిప్పురవ్వ దూకాలంటే సెంటీమీటరుకు సుమారు 30 వేల వోల్టులు కావాలి. 11 కేవీ తీగకూ నేలకూ మధ్య వోల్టేజీ గరిష్ఠంగా 9 వేలు. ఆ లెక్కన దూకగలిగేది కొన్ని మిల్లీమీటర్లే. మరి మీటర్ల దూరం ఎందుకు? తీగ ఒకచోట ఉండదు కాబట్టి. ఎండాకాలం వేడికి సాగి కిందికి వేలాడుతుంది, గాలికి ఊగుతుంది. మొనదేలిన లోహం దగ్గర క్షేత్రం గుమిగూడి మామూలు కంటే ముందే గాలి తెగుతుంది. అన్నిటికీ మించి మీ చేతిలో వస్తువు ఉంటుంది. ఇంటి కట్టుబడికి వచ్చే ఇనుప కడ్డీ పొడవు 12 మీటర్లు. నిలబెట్టి తిప్పితే 1.2 మీటర్లు ఏ మూలకు? అల్యూమినియం నిచ్చెన, ఫ్లెక్సీ చట్రం, జెండా కర్ర, మామిడికాయలు కోసే ఇనుప దోటి అన్నీ అంతే. పైన వేసే తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు కనిపించినా దాన్ని రక్షణ అనుకోవద్దు.

ఆర్టీపీపీ నుంచి పోయే పెద్ద టవర్ లైన్ల కింద ట్యూబ్‌లైట్ చేత్తో పట్టుకుంటే మసక మసకగా వెలగడం, కింద నిలిపిన బండిని తాకితే చురుక్కుమనడం నిజమే. తీగ చుట్టూ ఉన్న క్షేత్రం పనే అది. మామూలుగా దాటిపోయేవాళ్లకు భయం లేదు. దాని కిందుగా పొడవాటి ఇనుప కంచె వేస్తే మాత్రం ఎర్త్ చేయించండి.

ఇంటి లోపలి సంగతి కూడా ఇదే సూత్రం. మోటారు బాడీకి ఎర్తింగ్ ఉంటే లోపల తీగ అంటుకున్నా బాడీ, నేల దాదాపు ఒకే 'ఎత్తు'లో ఉంటాయి. మీ చేతికీ కాలికీ మధ్య వాలు ఉండదు. ఎర్తింగ్‌తో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే, కరెంటు ఏ కొంచెం దారి తప్పినా రెప్పపాటులో ఆగిపోతుంది. ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే అది ఎంత?

తీగ పడితే ఎవరికి, ఏం చెప్పాలి

1912కు ఫోన్ చేయండి. ఏపీఎస్పీడీసీఎల్ పరిధిలో కరెంటు ఫిర్యాదులకు అదే నంబరు. 'తీగ తెగింది, నేలమీద ఉంది' అన్న మాట మొదట చెప్పండి. కరెంటు పోయిందని చెబితే అది మామూలు ఫిర్యాదుల వరుసలో చేరుతుంది. తర్వాత ఊరు, వీధి, దగ్గర్లోని గుడో బడో, దూరం నుంచే కనిపిస్తే స్తంభం మీద రాసిన నంబరు, ట్రాన్స్‌ఫార్మర్ పేరు చెప్పండి. మీ లైన్‌మన్ నంబరు, సచివాలయం ఎనర్జీ అసిస్టెంట్ నంబరు వానాకాలానికి ముందే ఫోన్‌లో పెట్టుకుంటే ఇంకా త్వరగా పని జరుగుతుంది.

వాళ్లు వచ్చేదాకా రెండు వైపులా మనుషుల్ని, పశువుల్ని ఆపాలి. ఎండిన కర్రతో తీగను పక్కకు తోసే సాహసం చేయొద్దు. ఇంట్లోని 230 వోల్టులకు పనికొచ్చే కర్ర 11 వేలకు పనికిరాదు, తడిసిన కర్రయితే అసలే వద్దు. ఎవరైనా పడి ఉన్నా సరే, లైను ఆపామని సిబ్బంది చెప్పాకే దగ్గరికి వెళ్లాలి. ఈలోపు 108కి ఫోన్ చేసి ఉంచండి. లైను ఆగాక మనిషికి ఊపిరి లేకపోతే అంబులెన్స్ కోసం చూస్తూ కూర్చోకుండా వెంటనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి.

మనిషికి గానీ పశువుకు గానీ ప్రాణనష్టం జరిగితే, విద్యుత్ చట్టం 2003లోని 161వ సెక్షన్, దాని కింది నిబంధనల ప్రకారం 24 గంటల్లోగా ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు సమాచారం వెళ్లాలి. అది డిస్కం బాధ్యత. వెళ్లిందో లేదో మీ సెక్షన్ ఆఫీసులో ఏఈని అడగొచ్చు. పరిహారం దరఖాస్తుకు ఆ విచారణ నివేదిక, మనిషి విషయంలో పోస్ట్‌మార్టం రిపోర్టు, పశువు విషయంలో పశువైద్యాధికారి ఇచ్చే ధ్రువపత్రం కీలకమవుతాయి. కాబట్టి పశువును పూడ్చేముందు డాక్టరును పిలిపించండి, తీగ, స్తంభం, పశువు ఒకే ఫ్రేములో వచ్చేలా ఫొటో తీసి పెట్టుకోండి. అది కూడా లైను ఆపాక, పది మీటర్ల అవతలి నుంచే.